పాత డైనమిక్ మైకును పాటకీ, మౌత్ ఆర్గాన్‌కీ సిద్ధం చేసుకోవడం ఎలా?

మైకు సెట్ల వాళ్లు కొత్త సామాను కొన్నప్పుడల్లా పాత మైకులు గోనె సంచిలో పడేస్తారు. శ్రీరామనవమి పందిళ్లలో, పెళ్లిళ్లలో ఏళ్ల తరబడి అరిచినవి. విజయవాడలో నాకు అలాంటివి రెండొందలకో, మూడొందలకో దొరికాయి. ఇంటికి తెచ్చుకున్నవాళ్లలో చాలామంది మొదటి గంటలోనే వాటి ప్రాణం తీస్తారు. ఎలాగంటే, లోపల శబ్దాన్ని పట్టే క్యాప్సూల్‌ను 'శుభ్రం' చేసి.

కొనేటప్పుడు డైనమిక్ మైకే అడగండి, అంటే అయస్కాంతం, తీగచుట్ట (కాయిల్)తో పనిచేసేది. క్రిస్టల్ మైకు వద్దు. అందులో ఉండే రోషెల్ లవణం తేమకు పాడవుతుంది, 55 డిగ్రీలు దాటితే అసలే తట్టుకోదు. మే నెలలో బెజవాడ రేకుల షెడ్డులో పడున్న క్రిస్టల్ మైకు బతికుందంటే నేను నమ్మను.

కావలసినవి పెద్దగా లేవు: 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్నని సోల్డర్ వైరు, మల్టీమీటర్, ప్లాస్టిక్ ట్వీజర్, షీల్డ్ వైరు (లోపలి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉండేది), కొత్త జాక్.

ముందు జాలీ ఊడదీసి సబ్బు నీళ్లలో నానబెట్టి, పళ్ల బ్రష్‌తో రుద్ది ఆరబెట్టండి. లోపలి స్పాంజి ఈపాటికి పాకంలా జిగటగా అయిపోయి ఉంటుంది. పారేసి కొత్తది పెట్టండి. పాత కేబుల్ కూడా పారేయండి. బాగానే ఉందనిపించినా సరే. నా దగ్గరికి వచ్చిన 'చచ్చిపోయిన' మైకుల్లో ఎక్కువవాటికి పోయింది కేబులే.

తర్వాత మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (విద్యుత్ నిరోధం కొలిచే చోట) పెట్టి క్యాప్సూల్ వెనక ఉండే రెండు ట్యాగులకు, అంటే వైర్లు అతికించే చిన్న రేకులకు ఆనించండి. కొన్ని వందల ఓములు చూపిస్తూ, లోపల 'టిక్' అని చిన్న శబ్దం వచ్చిందంటే కాయిల్ బతికే ఉంది. ఏమీ చూపించకపోతే కాయిలో, దాని నుంచి వచ్చే తీగో తెగింది. అలాంటిది వదిలేసి ఇంకోటి కొనుక్కోండి.

ఇక అసలు కష్టం ఆ ట్యాగులకు కొత్త వైరు అతికించడంలో ఉంది. ఇక్కడ తొందరపడకండి.

క్యాప్సూల్ ముందు భాగంలో శబ్దానికి కంపించే ఉల్లిపొర లాంటి డయాఫ్రమ్ ఉంటుంది. దాని వెనక కాయిల్, చుట్టూ అయస్కాంతం. కాయిల్ నుంచి వెంట్రుకంత తీగలు రెండు వచ్చి ఆ ట్యాగుల మీదే అతుక్కుని ఉంటాయి. అంటే మీరు ట్యాగును ఎక్కువ వేడి చేస్తే కొత్త వైరు అతుక్కునేలోపే పాత తీగ ఊడిపోతుంది. అది ఒకసారి ఊడితే మళ్లీ అతికించడం నాకే పదిసార్లలో రెండుసార్లు కుదిరింది.

అందుకే వైరు చివరకు ముందే సోల్డర్ పూసి ఉంచుకోండి. ట్యాగు మీద పాత సోల్డర్ ఉంటే గీకొద్దు, పీకొద్దు. పూసిన వైరును దాని మీద ఆనించి, ఐరన్ రెండు సెకన్లు పెట్టి తీసేయండి. అతకలేదా? నిమిషం ఆగండి. ట్యాగు చల్లారాక మళ్లీ రెండు సెకన్లు. పొయ్యి మీద అట్టు కాలినట్టు ఐరన్‌ను అక్కడే ఉంచేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

అయస్కాంతం సంగతి కూడా మర్చిపోవద్దు. నేను ఒకసారి స్టీలు ట్వీజర్ వాడాను. చేతిలోంచి లాక్కుని డయాఫ్రమ్‌లో గుచ్చేసుకుంది, మంచి మైకు పోయింది. అప్పటినుంచి ప్లాస్టిక్‌దే, పైగా పని మొదలుపెట్టే ముందే డయాఫ్రమ్ మీద నీళ్ల సీసా మూత బోర్లించి అంచులకు మాత్రమే టేపు వేస్తాను. బల్ల మీద ఇనుప రజను ఉండకూడదు. బండ్ల రిపేరు షెడ్లుండే ఆటోనగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లు చేతులు కడుక్కుని, తలుపులు వేసుకుని కూర్చోండి. ఆ రజను కాయిల్ సందులో దూరితే గరగరమంటుంది, ఇక బయటికి రాదు. గాలి కొట్టకండి, బ్రష్ పెట్టకండి. డయాఫ్రమ్ మీద దుమ్ముంటే ఉండనివ్వండి.

కొందరు ఈ తలనొప్పి ఎందుకని కొత్త క్యాప్సూల్ కొని బిగించేస్తారు. అప్పుడది పాత చొక్కా తొడుక్కున్న కొత్త మైకు. పాత క్యాప్సూల్ పైస్థాయి శబ్దాలను సరిగా అందుకోదు. మౌత్ ఆర్గాన్‌కు కావలసింది ఆ లోపమే. 1950ల్లో అమెరికాలో చికాగో బ్లూస్ సంగీతం వాయించేవాళ్లు చవక మైకులను గుప్పిట్లో పట్టుకునే మౌత్ ఆర్గాన్ ఊదేవాళ్లు.

బిగించాక ఫూ ఫూ అని ఊది చూడకండి. మాట్లాడి చూడండి. హమ్ (ఆగకుండా గుయ్యిమనే మోత) వస్తుంటే బహుశా వైరు షీల్డ్ మైకు బాడీకి తగలడం లేదు.

పాటకు మూతికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టుకోండి. మౌత్ ఆర్గాన్‌కైతే మైకును, ఆర్గాన్‌ను కలిపి గాలి పోకుండా రెండు చేతుల్లో మూసేసి, యాంప్లిఫయర్‌లో గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) తగ్గించండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హై ఇంపీడెన్స్ (ఎక్కువ నిరోధం ఉండే) మైకును యాంప్లిఫయర్‌లో గిటార్ ఇన్‌పుట్‌లోనే పెట్టాలి. మైకుకు కేబుల్ ద్వారా కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ బటన్ ఆపే ఉంచండి. వాయించాక జాలీ తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టండి. ఉమ్మి తడితోనే మూతపెడితే ఇప్పుడు పారేసిన స్పాంజి గతే కొత్తదానికీ పడుతుంది.