థాయ్‌లాండ్ కనీస వేతనాన్ని పొరుగు దేశాలతో పోల్చి చూసుకోవడం ఎలా: గంజాం, గజపతి జిల్లాల తెలుగువారికి

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న తెలుగు కుటుంబాలకు వలస కొత్త విషయం కాదు. సూరత్ మరమగ్గాలకూ కేరళ నిర్మాణ పనులకూ వెళ్ళిన దారే ఇప్పుడు బ్యాంకాక్ దాకా సాగింది. అయితే సూరత్‌లో కూలి ఎంత గిట్టుతుందో ఊళ్ళో పదిమంది చెప్పగలరు గానీ, థాయ్‌లాండ్ సంగతి ఏజెంటు చెప్పిన అంకె తప్ప మరేమీ తెలియదు. ఆ అంకె సరైనదో కాదో ఇంట్లో కూర్చుని ఎలా లెక్క కట్టుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట తేల్చుకోవలసినది ఆ అంకె రోజుకా, నెలకా అన్నది. థాయ్‌లాండ్‌లో కనీస వేతనాన్ని రోజుకూలిగా, ప్రావిన్సుల వారీగా నిర్ణయిస్తారు. 2013 జనవరిలో దేశమంతటికీ ఒకేలా 300 బాత్‌లు (బాత్ అంటే థాయ్ కరెన్సీ) చేశారు కానీ, కొన్నేళ్ళకే మళ్ళీ ప్రాంతాల తేడా వచ్చింది. 2025 జనవరి 1 నుంచి ఇది 337 బాత్‌లకూ 400 బాత్‌లకూ మధ్య ఉంది. ఫుకెట్, చోన్‌బురి, రయోంగ్, చాచోఎంగ్‌సావో ప్రావిన్సుల్లోనూ, సముయి దీవిలోనూ 400 బాత్‌లు కాగా, మలేషియా సరిహద్దు వైపున్న నరాథివత్, పట్టాని, యాలాలలో 337 మాత్రమే. బ్యాంకాక్‌లో మొదట 372గా ఉన్న వేతనం 2025 జూలై 1 నుంచి 400 అయింది. కనుక ఏ ప్రావిన్సులో పని అని అడగకుండా థాయ్‌లాండ్ జీతం గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

రోజుకూలిని నెలకు మార్చేటప్పుడు 30తో కాక 26తో గుణించాలి, ఎందుకంటే అక్కడి కార్మిక రక్షణ చట్టం ప్రకారం వారానికో సెలవు తప్పనిసరి అయినా, రోజుకూలీలకు ఆ సెలవు దినానికి వేతనం చెల్లించనక్కరలేదు. ఆ లెక్కన నెలకు 8,762 నుంచి 10,400 బాత్‌లు వస్తాయి. ఇందులోంచి సామాజిక భద్రతా నిధికి 5 శాతం కోత పడుతుంది.

తరువాత పని గంటలు చూడాలి. నా అభిప్రాయంలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. థాయ్ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంటుంది. ఆపైన చేసే ఓటీకి (ఓవర్‌టైమ్‌కు) గంటకు ఒకటిన్నర రెట్లు, సెలవు రోజున చేసే ఓటీకి మూడు రెట్లు ఇవ్వాలి. ఒక ప్రకటనలో నెలకు 18,000 బాత్‌లు అని ఉందనుకుందాం. రోజుకు 400 అంటే గంటకు 50, ఓటీ గంటకు 75. రోజూ 4 గంటలు ఓటీ చేస్తే 300 కలిసి 700 బాత్‌లు అవుతుంది, 26 రోజులకు 18,200. అంటే ఆ ఘనమైన జీతం రోజుకు 12 గంటల చాకిరీకి ఇచ్చే కనీస వేతనమే తప్ప అంతకు మించి ఏమీ కాదు. ప్రకటనలో జీతం పక్కన గంటలు రాసి లేకపోతే, ఓటీని జీతంలో కలిపేశారనే అనుకుని అడగడం మంచిది.

ఇక పొరుగు దేశాలకు వస్తే, ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉంటుంది. మలేషియాలో వేతనం నెలవారీ. 2025 ఫిబ్రవరి నుంచి 1,700 రింగిట్లు, అదీ వారానికి 45 గంటల పనికి. వియత్నాం దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి 2024 జూలై నుంచి 2025 చివరి దాకా నెలకు 34.5 లక్షల నుంచి 49.6 లక్షల దోంగ్‌ల వరకు నిర్ణయించింది. కంబోడియాలో అన్ని పనులకూ వర్తించే కనీస వేతనం లేదు. దుస్తులు, పాదరక్షలు, బ్యాగుల ఫ్యాక్టరీల వారికి మాత్రం 2025లో నెలకు 208 డాలర్లు. లావోస్‌లో 2024 అక్టోబర్ నుంచి 25 లక్షల కిప్‌లు. మయన్మార్‌లో 2018 నాటి 4,800 క్యాట్‌ల రోజుకూలిని అలాగే ఉంచి, పైన భత్యాలు చేర్చుతూ 2024 ఆగస్టులో 6,800 చేశారు.

వీటిని రూపాయల్లోకి మార్చితే గానీ పోలిక కుదరదు. మారకం రేటు రోజూ మారుతుంది కాబట్టి చూసే రోజున మళ్ళీ సరిచూసుకోవాలి. బాత్ 2.5 రూపాయలు, రింగిట్ 20, డాలర్ 86, రూపాయికి సుమారు 300 దోంగ్‌లు, 250 కిప్‌లు అనుకుంటే మలేషియాలో 34,000, థాయ్‌లాండ్‌లో దాదాపు 22,000 నుంచి 26,000, కంబోడియా ఫ్యాక్టరీల్లో 17,900, వియత్నాంలో 11,500 నుంచి 16,500, లావోస్‌లో 10,000 రూపాయలు వస్తాయి. మయన్మార్ లెక్క మాత్రం జాగ్రత్తగా చూడాలి. డాలరుకు 2,100 క్యాట్‌లన్న అధికారిక రేటుతో లెక్కిస్తే నెలకు 7,200 రూపాయల వరకు కనిపిస్తుంది గానీ, బజారు రేటుతో చూస్తే అందులో సగమే మిగులుతుంది. లావోస్‌లో కూడా కిప్ విలువ పడిపోవడం వల్లనే వేతనం అంకె అంత పెరిగింది. థాయ్‌లాండ్ చేపల శుద్ధి ఫ్యాక్టరీల్లోనూ నిర్మాణ పనుల్లోనూ మయన్మార్, లావోస్, కంబోడియా కార్మికులు ఎందుకు నిండి ఉంటారో ఈ లెక్కే చెబుతుంది.

మన ఒడిశాతోనూ పోల్చి చూడండి. 2024లో ఇక్కడి ప్రభుత్వం నైపుణ్యం అవసరం లేని పనికి రోజుకు 450, నైపుణ్యం ఉన్న పనికి 550 రూపాయలు నిర్ణయించింది. 26 రోజులకు 11,700, 14,300 అవుతుంది. థాయ్‌లాండ్ కనీస వేతనం దీనికి రెట్టింపు దగ్గర ఉంటుంది. గది అద్దె, తిండి, రానుపోను టికెట్, ఏజెంటుకు కట్టిన డబ్బుపై వడ్డీ తీసేస్తే ఆ రెట్టింపులో ఎంత మిగులుతుందో ఎవరి లెక్క వారు కాగితం మీద వేసుకోవాలి.

అసలు ఆ కనీస వేతనపు పని మనవారికి దొరుకుతుందా అన్నది మరో ప్రశ్న. థాయ్ చట్టం కనీస వేతనం విషయంలో దేశాన్ని బట్టి తేడా చూపదు, కానీ శారీరక శ్రమ పనులకు విదేశీయులను ప్రధానంగా మయన్మార్, లావోస్, కంబోడియా, వియత్నాంలతో చేసుకున్న ఒప్పందాల ద్వారానే తీసుకుంటారు. ఆ నాలుగింటిలో భారత్ లేదు. కంపెనీ ఉద్యోగి వీసా పొడిగించుకోవాలంటే భారతీయుడి జీతం నెలకు కనీసం 35,000 బాత్‌లు ఉండాలని అక్కడి ఇమిగ్రేషన్ నిబంధన. కనుక చోన్‌బురి ఫ్యాక్టరీలో 15,000 బాత్‌లకు హెల్పర్ పని అని ఎవరైనా గోపాల్‌పూర్ కుర్రవాడికి చెబితే, ఆ పనికి పర్మిట్ రాదనే ముందుగా అనుమానించాలి. టూరిస్టుగా దిగి పని చేయడం అక్కడ నేరం.

దీనికి ఎదురు రకం ప్రకటన ఇంకా ప్రమాదకరం. ఇంటర్ చదివి కంప్యూటర్ తెలిసిన వారికి లక్ష రూపాయల డేటా ఎంట్రీ ఉద్యోగం అంటారు. బ్యాంకాక్‌లో దించి, థాయ్ సరిహద్దు పట్టణం మే సాట్ మీదుగా సరిహద్దు నది దాటించి, మయన్మార్‌లోని మ్యావడ్డీ సైబర్ మోసాల కేంద్రాలకు చేర్చిన ఉదంతాలు ఉన్నాయి. అక్కడి నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను 2025 మార్చిలో వైమానిక దళ విమానాల్లో మే సాట్ నుంచి వెనక్కి తెచ్చారు. టికెట్‌లో గానీ మాటల్లో గానీ మే సాట్ పేరు వినిపిస్తే అక్కడితో ఆపేయండి.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అవసరమైన దేశాల జాబితాలో థాయ్‌లాండ్, మలేషియా రెండూ ఉన్నాయి. ఆ అనుమతి కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారానే వస్తుంది. రిజిస్టరైన ఏజెంటు వసూలు చేయగల రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. రసీదు అడిగి తీసుకోండి. పాస్‌పోర్టు చేతికి ఇచ్చే ముందే ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరును ఆ పోర్టల్‌లో వెతికి చూసి, ఒప్పంద పత్రంలో ప్రావిన్సు పేరు, పని గంటలు, బాత్‌లలో మూల వేతనం, ఓటీ రేటు విడివిడిగా రాయించుకోండి.