యానాంలో నీటిమట్టం మోడల్‌తో కలవట్లేదా? ఇవి చూస్కోండి (సమస్య - పరిష్కారం)

గౌతమి, వశిష్ఠ, వైనతేయ, ఈ గోదావరి పాయల్లో దేనికి కంప్యూటర్ మోడల్ కట్టినా లెక్క కుదరకపోతే జనం ముందు చెయ్యి పెట్టేది మానింగ్స్ ఎన్ (నది అడుగు గరుకుతనం నీళ్ళని ఎంత ఆపుద్దో చెప్పే అంకె) మీదే. దయచేసి దాన్ని ఆఖర్న ముట్టుకోండి, ఎందుకంటే అది తిప్పితే మిగతా తప్పులన్నీ దాని కింద దాక్కుంటాయి, వేసవిలో గ్రాఫ్ కలిసిందని మురిసిపోతాం, వరదప్పుడు పరువు పోద్ది.

సమస్య: పోటు టైముకే వస్తోంది, కానీ గీత మొత్తం పైకో కిందకో జరిగుంది.
కాకినాడ టైడ్ టేబుల్ అంకెలు చార్ట్ డేటమ్ (నావిక పటాల్లో లోతులు కొలిచే సున్నా గీత) నుంచి, గట్టు మీద బెంచ్ మార్కు (ఎత్తు తెలిసిన గుర్తు) సగటు సముద్రమట్టం నుంచి. అన్నీ ఒకే డేటమ్‌లోకి మార్చండి. మార్చినా నెలనెలకీ తేడా వస్తుంటే అది సముద్రం పనే, బంగాళాఖాతం మట్టం మార్చి-ఏప్రిల్‌లో తగ్గి అక్టోబర్-నవంబర్‌లో పెరుగుద్ది, ఆ సీజన్ తేడాని సముద్రం వైపు బౌండరీలో (మోడల్ అంచులో) కలపాలి.

సమస్య: మోడల్‌లో పోటు, రేవులో పాటు.
టైమ్ జోన్! డేటా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, మనం 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం, పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలే కాబట్టి దాదాపు తిరగబడినట్టే కనిపిస్తుంది.

సమస్య: టైము ఓకే, పోటు-పాటు తేడా మాత్రం మరీ తక్కువ.
ఇదే అసలు తలనొప్పి. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేటలు వరద వరదకీ జరుగుతాయి, మీ దగ్గరున్న లోతుల సర్వే పాతదైతే ఇప్పుడు లేని మేట ఒకటి మోడల్‌లో దారికి అడ్డంగా కూర్చుని ఉంటుంది. ఒక్కోసారి సర్వే కొత్తదే, మోడల్ నదిని విడగొట్టే గ్రిడ్ గళ్ళు పెద్దవి, లోతైన సన్నటి దారి పక్కనున్న మెరకతో కలిసి సగటై పూడిపోతుంది. సర్వే డబ్బులు తక్కువైతే నది మొత్తం వద్దండీ, మొగ వరకు చేయించి అక్కడే గళ్ళు చిన్నవి చెయ్యండి, అడ్డంగా కనీసం నాలుగైదు గళ్ళైనా పడాలి. ఎన్‌ని 0.02-0.03 కంటే బాగా కిందకి దించితే తప్ప కుదరట్లేదంటే లోతులు మళ్ళీ చూడాల్సిందే.

సమస్య: బ్యారేజీ నుంచి కొంచెం నీళ్ళే వదిలారు, మోడల్‌లో పెద్ద వరద.
ధవళేశ్వరం లెక్క క్యూసెక్కుల్లో (సెకనుకి ఘనపుటడుగులు), మోడల్ అడిగేది క్యూమెక్కుల్లో (సెకనుకి ఘనపు మీటర్లు). లక్ష క్యూసెక్కులంటే 2,832 క్యూమెక్కులు. మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల అంకెని అలాగే పెడితే తప్పు ఎవడికైనా కనిపిస్తుంది, 5 వేలు పెడితే మాత్రం 1.77 లక్షల క్యూసెక్కుల వరదలా ఆడుద్ది, అదీ గోదావరికి మామూలు అంకేగా, అందుకే దొరకదు.

సమస్య: మామూలు రోజుల్లో బానే ఉంది, తుఫానుకి తక్కువ చూపిస్తోంది.
బౌండరీలో టైడ్ ఒక్కటే ఉంటే ఉప్పెన ఎక్కణ్ణుంచి వస్తుంది? గాలి, పీడనం రెండూ ఇవ్వండి. పీడనం 1 మిల్లీబార్ పడితే నీళ్ళు సుమారు 1 సెంటీమీటరు లేస్తాయి, ఎక్కువ భాగం మాత్రం గాలి నెట్టేదే, దానికి తోసే జాగా ఉండాలి కాబట్టి బౌండరీని అంతర్వేది, భైరవపాలెం ఒడ్డున కాకుండా బాగా లోతు సముద్రంలోకి జరపండి.