గోడ మీద కవిత, పక్కన బొమ్మ: మన ఊరి వాళ్ల ప్రదర్శన ఎలా పెట్టాలి

గుంటూరు అరండల్‌పేటలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖల పని మధ్యలో చుట్టుపక్కల ఊళ్ల కవులు చేతిరాత కాగితాలు తెచ్చి టైపు చేయించుకుంటారు. మంచి కవితలు. యాభై కాపీలు వేయించి చుట్టాలకు పంచుకుంటారు, అక్కడితో సరి. అది చూడలేకే మా వీధి డ్రాయింగ్ మాస్టారితో కలిసి కవితలూ బొమ్మలూ ఒకే గోడ మీద పెట్టడం మొదలుపెట్టాను. మీరూ పెట్టాలనుకుంటే నాకు తెలిసింది చెప్తాను.

ధనుర్మాసంలో పెట్టండి. ముహూర్తాలు ఉండవు కాబట్టి హాళ్లు ఖాళీ, ప్రింటింగ్ వాళ్లకీ తీరిక, ఎండ బాధా లేదు. మాఘం వచ్చిందా, హాలు మాటే మర్చిపోవాలి. శని, ఆదివారాలు చాలు.

కవిత 14 లైన్లు దాటకుండా చూసుకోండి. పుస్తకమైతే కూర్చుని చదువుతాం, గోడ దగ్గర నిలబడి చదవాలి. పొడుగైతే ఏ ముక్క పెట్టాలో కవినే అడగండి, మీరు కత్తిరించొద్దు. అందరి దగ్గరా ఒప్పుకుంటున్నట్టు సంతకం తీసుకోండి. పాత కవుల పద్యాలు పెట్టాలన్నా జాగ్రత్త: రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. జాషువా కన్నుమూసింది 1971లో, ఆయనకీ ఇదే లెక్క.

అసలు కష్టం అక్షరాల దగ్గర. మా షాపుల్లో చాలామంది ఇప్పటికీ అనూ ఫాంట్లలో టైపు చేస్తారు. తెర మీద తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలోకి, మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతుంటాయి. మొదటి ఏడాది ఒకావిడ మిరపకోతల మీద రాసిన కవితను నేనే మార్చాను, సరిచూడలేదు. 'అమ్మ చేతుల మంట' కాస్తా 'అమ చేతుల మంట' అని పడింది. ఆవిడ ఆ కార్డు ముందు నిలబడి, వేలితో ఆ అక్షరం తడిమి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి చేతిరాత ముందు పెట్టుకుని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూస్తాం, చివరి ప్రూఫు కవి చూశాకే ప్రింటు. మండలి ఫాంటు ఉచితం, చదవడానికి హాయిగా ఉంటుంది. 12 బై 18 అంగుళాల మ్యాట్ కార్డు మీద 30 పాయింట్ల సైజు పెట్టండి. గ్లాసీ వద్దు, ట్యూబులైటు మెరిసి అక్షరం కనపడదు.

నీటిరంగుల బొమ్మకు అద్దం తగలకూడదు. మధ్యలో మౌంటు బోర్డు, అంటే బొమ్మ చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట, పెట్టించండి, లేకపోతే చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుంటుంది. కిటికీ ఎండ పడే గోడ వదిలేయండి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి ఐదడుగులకు కాస్త తక్కువ ఎత్తులో ఉండాలి. కవిత కార్డు కూడా అదే ఎత్తులో, అంతే శ్రద్ధగా పెట్టండి. కింద మూలన అతికిస్తే ఎవరూ వంగి చదవరు.

ఏ కవిత పక్కన ఏ బొమ్మ అన్నదానికే ఒక పూట కేటాయించండి. మిరపకోత కవిత పక్కన మొదట మిరపకాయల బొమ్మ పెట్టాం. రెండూ చిన్నబోయాయి. దాన్ని తీసేసి మాస్టారి శిష్యురాలు వేసిన ఖాళీ వంటింటి బొమ్మ పెట్టాం. సాయంత్రమంతా జనం అక్కడే ఆగారు. కవితలో ఉన్నదాన్నే బొమ్మలో మళ్లీ చూపించకండి.

కింద చీటీలో పేరు, ఊరు, ఏ రంగులు వాడారో, అమ్మేదైతే ధర రాయండి. ఊరి పేరు మాత్రం వదలొద్దు. 'మా తాడికొండే!' అంటూ పెద్దాయన ఒకరు మనవణ్ణి పిలిచి చూపించారు.

సాయంత్రం ఆరింటికి కవులు తమ కార్డు పక్కనే నిలబడి, మైకు లేకుండా చదవాలి. సోమవారం బొమ్మలు రిజిస్టర్లో సంతకం తీసుకుని తిరిగి ఇచ్చేయండి. కవిత కార్డు కవిదే, ఇంటికి పట్టుకెళ్లమనండి.