చవగ్గా లాంగ్ రేంజ్ షూటింగ్: బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఎట్టా ఎంచుకోవాల, ఒక నెల్లూరోడి లెక్క

పోయిన నెల ఒకే రోజు రెండు ఫోన్లొచ్చినయ్. ఒకటి డల్లాస్ నుంచి మా బామ్మర్ది, "బావా, లాంగ్ రేంజ్ టార్గెట్ షూటింగ్ నేర్చుకుందామనుకుంటుండా, చవగ్గా వచ్చే బోల్ట్ యాక్షన్ ఏది తీసుకోమంటావ్" అని. (బోల్ట్ యాక్షన్ అంటే ఒక్కో తూటాకీ చేత్తో పిడి వెనక్కి లాగి ముందుకి తోసే రైఫిల్.) రెండోది కావలి నుంచి ఒక పిలకాయ, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, వాడిదీ అదే ప్రశ్న, కాకపోతే వాడు యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి చూసి "అన్నా, టిక్కా మనకాడ ఎంతవుద్ది" అని ఏకంగా బ్రాండు పేరే చెప్పి అడిగాడు. ఇద్దరికీ ఫోన్లో చెప్పేసరికి గొంతు ఎండిపోయింది, అందుకే ఇక్కడ రాసి పెడుతుండా.

ముందు కావలి పిలకాయ సంగతి, ఎందుకంటే మనలో జాస్తి మంది వాడి లాంటోళ్ళే. టిక్కా, సావేజ్, రూగర్, హోవా, ఇయ్యన్నీ మంచి రైఫిళ్ళే, కాదన్ను, కానీ మన దేశంలో మామూలు లైసెన్సు ఉన్నోడు బయట దేశం నుంచి రైఫిల్ తెప్పించుకోలేడు, ఆ సౌకర్యం పోటీల్లో పేరు తెచ్చుకున్న షూటర్లకే, అదీ ఎన్‌ఆర్‌ఏఐ (జాతీయ రైఫిల్ సంఘం) రికార్డుతో. ఇంకోటి, .303, 7.62 మి.మీ. లాంటియ్యి మన చట్టంలో ప్రొహిబిటెడ్ బోర్ (మామూలోళ్ళకి ఇయ్యని గొట్టం కొలత), అంటే వీడియోల్లో అందరూ వాడే .308, అదీ 7.62 కొలతే, మనకి మొదట్నే ముచ్చట లేదు. ఇక మిగిలేది మన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీల సరుకు, .315, .30-06, .22. ఇందులో .315 గురించి మనూళ్ళలో పెద్దోళ్ళు గొప్పగా చెప్తారు, ఇషాపూర్‌లో చేసింది, లోపల ఉండేది పాత లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టే, మొరటుగా గట్టిగా ఉంటది, కానీ అది పొలం కాపలాకీ ఇంటి భద్రతకీ తీసుకునే రైఫిల్, టార్గెట్ కోసం కాదు. తూటా ఖరీదు, భుజానికి తగిలే దెబ్బ, లైసెన్సు మీద ఏడాదికి ఇన్నే అని రాసే కోటా, ఇయ్యన్నీ లెక్కేస్తే దాంతో ప్రాక్టీసు అనేది జరగని పని.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, .22 బోల్ట్ యాక్షన్. ఎన్‌సీసీ క్యాంపుకి పొయ్యొచ్చినోళ్ళకి గుర్తుండే ఉంటది, బోర్లా పడుకోబెట్టి చేతికిచ్చేది అదే. "అది చిన్న పిల్లల తుపాకీ గదన్నా, లాంగ్ రేంజ్ ఎట్టా అవుద్ది" అంటారు. ఆడనే ఉంది కిటుకు. గంటకి 16 కిలోమీటర్ల గాలి పక్క నుంచి కొడతా ఉందనుకో, అంటే మైపాడు బీచ్‌లో మధ్యాహ్నం మొదలయ్యే గాలి లాంటిదే, 300 మీటర్లలో .308 తూటా కోణం లెక్కలో ఎంత పక్కకి పోద్దో, .22 తూటా నూరు మీటర్లలోనే అంతకన్నా జాస్తి పోద్ది. 50 మీటర్లలో కూడా అదే గాలికి అంగుళం దాకా జరుగుద్ది, నువ్వు పది మీద గురిపెట్టింది ఏడులో పడుద్ది. కింద పడటం కూడా అంతే, 50 మీటర్లకి సరిచేసుకున్న .22తో నూరు మీటర్లలో కొడితే దగ్గర దగ్గర జానెడు కిందకి తగుల్తది. అంటే గాలి చదవటం, సైటు గురిని కొంచెం కొంచెంగా జరిపే క్లిక్కులు తిప్పటం, దూరం లెక్క కట్టటం, లాంగ్ రేంజ్‌లో నేర్చుకోవాల్సిందంతా నూరు మీటర్ల జాగాలో తక్కువ ఖర్చుకే వచ్చేస్తది. స్వప్నిల్ కుసాలే 2024 పారిస్‌లో కాంస్యం తెచ్చింది కూడా 50 మీటర్ల .22 రైఫిల్ ఈవెంట్‌లోనే, ఆ టార్గెట్ మీద పది రింగు అడ్డంగా 10.4 మి.మీ., పెద్ద శనగ గింజంత.

అయితే .22కి కూడా లైసెన్సు కావాల. 21 ఏళ్ళు నిండుండాల, ఆయుధ భద్రత ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాల, కలెక్టరాఫీసుకి అప్లికేషన్, పోలీసు ఎంక్వైరీ, ఇదంతా ఒక రోజులో తెమిలేది కాదు. కాబట్టి రైఫిల్ చూసుకునే ముందు క్లబ్ చూసుకో. మనకి చెన్నై దగ్గర, పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా ఆడుంటాం, హైదరాబాద్ గచ్చిబౌలిలో రేంజ్ ఉంది. క్లబ్‌లో మెంబర్ అయితే వాళ్ళ రైఫిల్‌తో వాళ్ళ కళ్ళ ముందర కొట్టొచ్చు, తూటాలూ వాళ్ళ దగ్గరే దొరుకుతయ్, నాలుగు రకాల రైఫిళ్ళు భుజానికి పెట్టి చూసినాక నీకేం కావాలో నీకే తెలుస్తది. కొనటం ఆ తర్వాత.

లైసెన్సు వచ్చేదాకా ఖాళీగా ఉండబాకండి, ఎయిర్ రైఫిల్ తీసుకోండి. .177 అంటే 4.5 మి.మీ. బోర్, 20 జౌల్స్ దాటని శక్తి, ఈ రెండూ ఉంటే మన రూల్స్ ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, షాపులో ఐడీ ప్రూఫ్ చూపించి కొనుక్కోవచ్చు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, రెండూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క, ఆవగింజ కన్నా చిన్నది. ఇంట్లో వరండాలోనో మేడ మీదనో 10 మీటర్ల జాగా, వెనక గట్టి గోడ, గోడ ముందర ఇసక నింపిన పెట్టె, పక్కనుంచి మనుషులు వచ్చే దారి లేకుండా ఉంటే చాలు, రేంజ్ తయారు.

ఇక్కడ నా తెలివితక్కువ పని చెప్పాల. మొదట్లో నేను స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొని దాని మీద నాకు తెలిసినాయన ఇచ్చిన మామూలు స్కోప్ బిగించినా. చూడ్డానికి సినిమాలో మాదిరి భలే ఉండింది. మూడు వారాలకి లోపల గురి చూసే క్రాస్ గీత వంకరపోయింది, పెల్లెట్ ఒకసారి ఈడ ఒకసారి ఆడ. నా చెయ్యే బాగలేదనుకుని నెలంతా తిప్పలు పడినా. తర్వాత తెలిసిందేందంటే స్ప్రింగ్ గన్ ముందు వెనక్కి తంతది, వెంటనే పిస్టన్ ఆగేసరికి ముందుకి తంతది, పెద్ద రైఫిల్ మీద నిలబడే స్కోప్ కూడా ఈ రెండో దెబ్బకి పాడైపోద్ది. స్ప్రింగ్ గన్‌కి దానికోసమే చేసిన స్కోపు గానీ మామూలు సైట్లు గానీ ఉండాల. డబ్బులుంటే పీసీపీ, అంటే గాలి నింపే సిలిండర్ ఉండేది తీసుకోండి, తన్నదు, అదిరిపోదు, కాకపోతే గాలి కొట్టే పంపు ఖర్చు వేరే, ఆ పంపు కొట్టటం ఎండాకాలం మధ్యాహ్నం మన నెల్లూర్లో ఎట్టా ఉంటదో నేను చెప్పబల్లేదు. పెల్లెట్లు మాత్రం చదును తల ఉండే మ్యాచ్ పెల్లెట్లే కొనండి, టార్గెట్ పేపర్ మీద గుండ్రంగా కత్తిరించినట్టు బొక్క పడుద్ది, స్కోరు లెక్కపెట్టటం తేలిక.

ఒక మాట, మనకాడ రొయ్యల గుంటల మీద కొంగలు వాలతా ఉన్నయ్ ఎయిర్ గన్ కొంటా అనేవాళ్ళు నన్ను అడగబాకండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, లైసెన్సు అక్కర్లేని గన్ అయినంత మాత్రాన పక్షిని కొట్టటం తప్పు కాకుండా పోదు.

సరే, ఇప్పుడు .22 చేతికొచ్చింది, కొత్తదో సెకండ్ హ్యాండో, ఏం చూడాల. అన్నిటికన్నా ముందు కొలత. బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) చివర మోచేతి మడతలో పెట్టి చెయ్యి చాస్తే చూపుడువేలు కణుపు ట్రిగ్గర్ దాకా రావాల, రాకపోయినా మరీ దాటిపోయినా ఆ రైఫిల్ నీది కాదు, లేదంటే స్టాక్, అంటే ఆ చెక్క భాగం, మార్చాల్సి వస్తది. తర్వాత కళ్ళు మూసుకుని చెంప ఆనించి తెరువు, సైట్ నేరుగా కంటి ముందు ఉండాల, మెడ వంచో సాచో వెతుక్కోకూడదు. మన పిలకాయలు దీన్ని అసలు పట్టించుకోరు, బ్యారెల్ బ్యారెల్ అంటారు గానీ గంటసేపు పడుకుని కొట్టినాక మెడ నొప్పే స్కోరు తినేస్తది.

ట్రిగ్గర్ కరకరలాడకూడదు. ఖాళీ అని రెండుసార్లు చూసుకుని నెమ్మదిగా నొక్కితే ఒక దగ్గర ఆగి అక్కడ్నుంచి గాజు కడ్డీ విరిగినట్టు టక్కున వదలాల. పాత .22లని ఉత్తి చాంబర్ (తూటా కూర్చునే గది) మీద ఊరికే కొట్టబాకండి, పిన్ను చాంబర్ అంచుకి తగిలి గంటు పెడుద్ది, వాడేసిన తూటా ఖోల్ పెట్టి కొట్టండి. బోల్ట్ వెనక్కి లాగేటప్పుడు చెంప స్టాక్ మీద నుంచి లేవకుండా లాగగలగాల. ఒక కాగితం ముక్క మడిచి బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ముందు నుంచి తోసి చూడండి, చాంబర్ దగ్గర దాకా అడ్డం లేకుండా పోతే బ్యారెల్ ఫ్రీగా ఉన్నట్టు, ఒకవైపు చెక్క తగుల్తా ఉంటే వానాకాలం చెక్క ఉబ్బినప్పుడల్లా నీ గురి జరుగుద్ది. ఇది మన సముద్రం పక్కన ఊళ్ళలో నిజంగా జరిగేదే.

సెకండ్ హ్యాండ్ అయితే బోల్ట్ తీసి వెనక నుంచి బ్యారెల్ లోపలికి లైటేసి చూడు. గాడులు మెరవాల. నల్లని చుక్కలు గుంటలుగా ఉంటే తుప్పు తిన్నట్టు, వదిలేయ్, ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయ్. మూతి దగ్గర అంచు చూడు, సొట్ట ఉంటే తూటా బయటికొచ్చే క్షణంలో వంకర తిరుగుద్ది. బోల్ట్ మీద నంబరూ బాడీ మీద నంబరూ ఒకటేనా, లైసెన్సు కాగితంలో ఉన్నదీ అదేనా చూసుకో, లేకపోతే తర్వాత స్టేషన్ చుట్టూ తిరగాల్సింది నువ్వే. కొనటం అమ్మటం రెండూ లైసెన్సు ఉన్నోళ్ళ మధ్య కాగితాలతోనే జరగాల, మా మామ స్నేహితుడే గదా తర్వాత రాయించుకుందాంలే అనే బేరాలు వద్దు.

స్కోప్ దగ్గర ఒక్క మాట, ప్యారలాక్స్, అంటే తల జరిగితే క్రాస్ కూడా టార్గెట్ మీద జరిగినట్టు కనపడటం. పెద్ద రైఫిళ్ళ స్కోపులు మామూలుగా 100 గజాలకో 150 గజాలకో సరిచేసి ఉంటయ్, .22 కోసం చేసినయ్యి 50 గజాలకి. దూరం మార్చుకునే తిప్పుడు ఉన్నదైతే మేలు, లేకపోతే తల కొంచెం జరిగితే చాలు క్రాస్ టార్గెట్ మీద నాట్యం చేస్తది. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తది అనేదాని మీద డబ్బు పోయొద్దు, క్లిక్కు తిప్పితే తిప్పినంత జరిగి మళ్ళా వెనక్కి తిప్పితే మొదటి చోటికే వచ్చేది కావాల. పోటీలకి పోవాలనుంటే స్కోప్ వద్దు, ఒలింపిక్ ఈవెంట్లకి ఒప్పుకోరు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ అలవాటు చేసుకో.

తూటా సంగతి చాలామందికి నమ్మకం కుదరదు. ఒకే రైఫిల్ ఒక కంపెనీ తూటాతో చిల్లర బిళ్ళలో పెడుద్ది, ఇంకో కంపెనీదైతే సాసరంత వెడల్పు చల్లుద్ది. క్లబ్‌లో దొరికే మూడు నాలుగు రకాలు తెచ్చి ఒక్కోదాంతో ఐదేసి తూటాల గుంపులు ఐదు కొట్టి చూడు. మూడు తూటాల గుంపు చూసి మురిసిపోబాక, అది అదృష్టం కూడా కావచ్చు. ఎమ్ఓఏ అంటుంటారు గదా, గుంపు వెడల్పు చెప్పే కోణం లెక్క, అది నూరు మీటర్లలో 2.9 సెంటీమీటర్లు, పది రూపాయల బిళ్ళ కన్నా ఓ పిసరు పెద్దది. చవక .22 ఆ లోపల పెడితే ఇంకేం అడగబాక. హై వెలాసిటీ అని రాసినయ్యి కాకుండా శబ్దం వేగం కన్నా నెమ్మదిగా పోయే స్టాండర్డ్ తూటాలే తీసుకో, అవే గురి మీద నిలబడతయ్.

ఇక మా బామ్మర్ది. వాడికి ముందు చెప్పింది రైఫిల్ గురించి కాదు, వీసా గురించి. హెచ్1బీ మీద ఉన్నోళ్ళు అక్కడ మామూలుగా తుపాకీ కొనకూడదు, చేతిలో పెట్టుకోకూడదు, చెల్లే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప. ఇది ఫెడరల్ చట్టం, టెక్సస్‌లో ఉన్నా అంతే. అది తేల్చుకున్నాక రూగర్ అమెరికన్, సావేజ్, హోవా 1500, కొంచెం ఎక్కువ పెట్టగలిగితే టిక్కా టీ3ఎక్స్ లేదా బెర్గారా బీ14, ఇందులో ఏదైనా తప్పు పట్టేది లేదు. 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా రకం, 2007లో హార్నడీ వాళ్ళు తెచ్చింది, గాలికి .308 కన్నా తక్కువ కదులుద్ది, భుజానికీ తేలిక. బ్యారెల్ 1:8 ట్విస్ట్ (లోపలి గాడులు ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు తిరగటం) ఉంటే పొడవాటి బుల్లెట్లు నిలకడగా పోతయ్. .308 బ్యారెల్ మాత్రం ఎక్కువ కాలం వస్తది. నేనైతే రైఫిల్ మీద పెట్టినంత స్కోప్ మీదా, స్కోప్ మీద పెట్టినంత తూటాల మీదా పక్కన పెట్టుకోమన్నా. దానికి వాడు "అయితే బావా, రైఫిల్ కన్నా తూటాలే ఖరీదు" అన్నాడు, అంతే మరి. కడాకి వాడు కూడా ముందు .22 సీజడ్ 457 చూస్తుండాడు.

చివరాఖరికి మన తీరం తిప్పలు. రైఫిల్‌ని లెదర్ కవర్లోనో స్పాంజి పెట్టెలోనో నెలల తరబడి పెట్టబాకండి, ఉప్పగాలి తేమంతా అది పీల్చి ఇనుముకి పూస్తది. కొట్టొచ్చినాక చేతి చెమట తుడిచి, పైన పల్చగా నూనె రాసి, తాళం వేసిన బీరువాలో సిలికా జెల్ ప్యాకెట్లతో నిలబెట్టండి. తూటాలు వేరే చోట, వేరే తాళం. .22 బ్యారెల్ లోపల మాత్రం ఊరికే రుద్దబాకండి, తూటా మీద ఉండే మైనమే దాన్ని కొంత కాపాడుద్ది. ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడు స్టేషన్లో జమ చెయ్యమంటే, ఇచ్చే ముందు రోజు రాత్రి బోరు లోపల కూడా నూనె గుడ్డ దూర్చి తియ్యండి, ఆ గదిలో ఎన్ని నెలలుంటదో ఎవురూ చెప్పలేరు, రసీదు మీద నంబర్ సరిగ్గా రాశారో లేదో ఆడనే నిలబడి చదువుకోండి, తిరిగి తెచ్చుకున్నాక మొదటి తూటా పెట్టే ముందు ఆ నూనె పొడి గుడ్డతో తుడిచెయ్యండి.