లిఫ్ట్ కిట్ వేస్తున్నారా? ముందు బ్రేక్ హోస్‌లు చూడండి
ఆఫ్‌రోడ్ బండి ఎత్తు పెంచాలంటే అందరి ధ్యాసా స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల మీదే ఉంటుంది. ముందు బ్రేక్ హోస్‌ల (చక్రాలకి బ్రేక్ ఆయిల్ తీసుకెళ్ళే మెత్తటి గొట్టాల) సంగతి చూసుకోండి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలను పూర్తిగా కిందికి వేలాడనివ్వండి. నేను రెండంగుళాల లిఫ్ట్ వేసి ఇలా చూస్తే ముందు చక్రం హోస్ వీణ తీగలా బిగుసుకుపోయి ఉంది. నేల మీద నిలబెట్టినప్పుడు మాత్రం ఏ తేడా తెలియలేదు! ఆ రోజే పొడవాటి హోస్‌లు తెప్పించాను. స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి కూడా చూడాలి.

సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగుల బండైతే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా ఛాసిస్‌కి కలిపే అడ్డ కడ్డీ) కూడా లెక్కలోకి వస్తుంది. బండి లేచేకొద్దీ అది యాక్సిల్‌ను ఒక పక్కకి లాగేస్తుంది. అడ్జస్టబుల్ రాడ్ ఉంటే మళ్ళీ మధ్యకి తెచ్చుకోవచ్చు. ముందు యాక్సిల్ క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) కూడా తగ్గుతుంది. అప్పుడు స్పీడులో స్టీరింగ్ తేలిపోతున్నట్టుంటుంది, దానికి క్యాస్టర్‌ను సరిచేసే బుష్‌లు గానీ అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్‌లు (యాక్సిల్‌ను ఛాసిస్‌కి కలిపే కడ్డీలు) గానీ కావాలి.

స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) లింకులు, బంప్ స్టాప్‌లు (సస్పెన్షన్ మరీ పైకి కొట్టుకోకుండా ఆపే దిమ్మెలు) కొత్త ఎత్తుకు తగ్గట్టు తీసుకోండి. లీఫ్ స్ప్రింగులైతే వాటిని యాక్సిల్‌కి బిగించే పాత యూ బోల్టులు మళ్ళీ వాడొద్దు, ఒకసారి బిగించాక అవి సాగిపోతాయి. ఎత్తు బాగా పెంచితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కి ఇంజిన్ శక్తిని చేరవేసే తిరిగే కడ్డీ) కోణం మారి వణుకు వస్తుంది, అదీ చూడాలి.

రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల సెట్టింగ్.