జూనిపర్‌లో ఒక కొమ్మ తేడాగా వస్తే... కొత్త వెరైటీ అనుకునే ముందు చూసుకోవాల్సినవి

పోయిన కార్తీకమాసంలో డాబా మీద నీళ్ళు పోస్తుంటే మా జూనిపర్‌లో (సూదుల్లాంటి, పొలుసుల్లాంటి ఆకులుండే కుండీ మొక్క) ఒక కొమ్మ కొస పొద్దుటెండకి బంగారంలా కనబడింది, మిగతా మొక్కంతా మామూలు ముదురాకుపచ్చే. ఇంకేముంది ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేసా, మనింట్లో కొత్త వెరైటీ పుట్టిందహో అని. రెండు వారాలయ్యాక తీరా చూస్తే అది వెరైటీ కాదు, ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు. మా బావ ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఏటి బావా, నీ బంగారు కొమ్మ ఎలాగుంది" అనే మొదలెడతాడు. మీకు ఆ పరిస్థితి రాకుండా నేను చేసిన తప్పులతో సహా రాస్తున్నా.

ముందసలు అది జూనిపరేనా చూడండి. మన వైజాగ్‌లో సూదాకున్న ప్రతి మొక్కనీ క్రిస్మస్ చెట్టనో సైప్రస్ అనో అమ్మేస్తారు, మా వాచ్‌మన్ తాతైతే కుండీ చూసి "అదేటి బాబూ, సరుగుడు మొక్కని కుండీలో ఎట్టేరు" అన్నాడు, భీమిలి వైపు సరుగుడు తోటలు చూస్తూ పెరిగిన మనిషి ఆయన, తప్పులేదు. తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. మోర్‌పంఖీ అని అమ్మే తూజా రెమ్మ విసనకర్రలా బల్లపరుపుగా ఉంటుంది. జూనిపర్ రెమ్మ గుండ్రంగా ఉంటుంది, రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే దొర్లుతుంది. గోల్డెన్ సైప్రస్ అని లేత పసుపు రంగులో నిలువుగా పెరిగేది ఉంది చూడండి, దాని ఆకు నలిపితే నిమ్మ వాసనొస్తుంది, అదీ జూనిపర్ కాదు. కాయ కాస్తే మరీ ఈజీ, తూజాకి కొక్కేల్లాంటి ముళ్ళున్న కాయ, జూనిపర్‌కి ద్రాక్ష మీద ఉన్నట్టు తెల్లటి పొడి పట్టిన చిన్న గుండ్రటి కాయ. కానీ జూనిపర్‌లో ఎక్కువగా మగ మొక్క వేరు ఆడ మొక్క వేరు కాబట్టి మీ కుండీలో కాయ లేదని కంగారు పడకండి.

తర్వాత ఆకు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మన నర్సరీల్లో దొరికే చైనా జూనిపర్‌కి రెండు రకాల ఆకులుంటాయి, లేతగా ఉన్నప్పుడు గుచ్చుకునే సూదాకు, వయసొచ్చాక కొమ్మకి అతుక్కుపోయిన పొలుసాకు, ఒక్కోసారి ఒకే మొక్క మీద రెండూ ఉంటాయి. పొలుసాకు వచ్చేసిన మొక్కని గట్టిగా కత్తిరించారనుకోండి, కొత్తగా వచ్చే చిగురు మళ్ళీ సూదాకుతో వస్తుంది. దసరాకి షేప్ చేయించి సంక్రాంతికి చూసి ఇదేంటి ఈ కొమ్మ ముళ్ళముళ్ళగా ఉంది వేరే రకంలా ఉందే అనుకుంటాం, అది కత్తెర దెబ్బకి మొక్క మళ్ళీ చిన్నపిల్లలా మారడం అంతే. ఏడాది ఆగితే చాలావరకు మామూలైపోతుంది.

ఎర్రనల్లి సంగతి చెప్పాలి. తెల్ల కాగితం ఒకటి తేడా కొమ్మ కింద పట్టుకుని కొమ్మని రెండు మూడుసార్లు కొట్టండి. కాగితం మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు పడతాయి. ఒక నిమిషం కళ్ళార్పకుండా చూడండి, చుక్కలు నడిస్తే నల్లి, నడవకపోతే దుమ్ము.  నావి సరిగ్గా అలాగే నడిచాయి, మా ఆవిడ భూతద్దం తెచ్చి మరీ చూపించింది. వేసవి ఎండలో డాబా గోడ పక్కన గాలాడకుండా వేడెక్కిపోయే మూల ఉంటే నల్లి ఇంకా ఎక్కువ, రోజూ పొద్దున్నే పైపుతో ఆకు అడుగు నుంచి గట్టిగా నీళ్ళు కొడితే చాలామటుకు పోతుంది. వేపనూనె కొట్టేముందు మాత్రం ఒక్క మాట, నీలం రంగు జూనిపర్‌కి ఆ నీలం ఆకు మీదున్న మైనం పొడి వల్ల వస్తుంది, నూనె పడితే ఆ పొడి కరిగి కొమ్మ ఆకుపచ్చగా అయిపోతుంది, అప్పుడు మళ్ళీ ఇంకో "కొత్త వెరైటీ" మొదలవుద్ది.

మన ఊరికి ఉన్న ఇంకో గొడవ ఉప్పుగాలి. కొసలు మాడినట్టయి అదీ సముద్రం వైపు ఉన్న కొమ్మలకే అయితే అది ఉప్పు పనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు గుర్తుందిగా, కూలకుండా నిలబడ్డ చెట్లు కూడా ఆకు మాడిపోయి ఎండాకాలం తోటల్లా కనబడ్డాయి. బీచ్‌కి దగ్గరున్నవాళ్ళు గాలి గట్టిగా వీచిన మర్నాడు మొక్కని మంచినీళ్ళతో కడిగేయండి, తేడా కొమ్మ గురించి ఆలోచన ఆ తర్వాత. జపాన్ తీరంలో ఇసుక మీదే పుట్టి పెరిగే షోర్ జూనిపర్ అని ఒకటుంది, దానికి ఉప్పు లెక్కలేదు, చైనా జూనిపర్‌కి అంత ఓపిక లేదు.

తర్వాతది మట్టి. కడియం నుంచి లారీల్లో వచ్చే కవర్ మొక్కల వేరు చుట్టూ జిగురుమట్టి ముద్ద ఉంటుంది కదా, దాన్ని అలాగే కుండీలో దింపితే ఆ ముద్దలో నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. జూనిపర్‌తో చిక్కేంటంటే వేరు చచ్చిన వారాలకి గానీ ఆకు రంగు మారదు. ఊరి చివర ఒక నర్సరీలో "ఇంపోర్టెడ్ గోల్డ్ సార్, కొత్తగా వచ్చింది" అని చెప్తే 650 పెట్టి తెచ్చా, నెలన్నరకి ఆ గోల్డ్ కాస్తా గోధుమరంగయింది, కవర్ కోసి చూస్తే వేరు నల్లగా మెత్తగా చేతికొచ్చేసింది. అమ్మేటప్పటికే పోయే మొక్క అది, రంగు కాదు జబ్బు కొనుక్కున్నా.

ఇవన్నీ కాదని తేలాక అప్పుడు ఆ కొమ్మ నిజంగా కణాల్లో మార్పు వల్ల వచ్చిందేమో అనుకోవచ్చు, దీన్నే స్పోర్ట్ అంటారు. ఊరికే చెప్పే మాట కాదు, ప్రపంచమంతా అమ్ముడయ్యే బ్లూ స్టార్ అనే పొట్టి జూనిపర్ అలా వచ్చిందే. 1950 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో మేయరీ అనే జూనిపర్ మీద చీపురుకట్టలా గుబురుగా వచ్చిన ఒక ముద్దని చూసి దాన్నుంచి పెంచారు. ఆ మేయరీని చైనా నుంచి అమెరికాకి పట్టుకెళ్ళింది ఫ్రాంక్ మేయర్, మేయర్ నిమ్మ పేరు కూడా ఆయనదే. అయితే అలాంటి గుబురు తెగులు వల్ల కూడా రావచ్చు, అందుకే తొందరపడొద్దు.

కొమ్మ మొదట్లో ఊలు దారం వదులుగా కట్టి ఒక ఏడాది వదిలేయండి, ఎండాకాలం వర్షాకాలం చలికాలం మూడూ చూడాలి. ప్రతినెలా ఒకటో తారీఖున ఒకే టైముకి పక్కన తెల్ల కాగితం పెట్టి ఫోటో తీయండి, ఎందుకంటే ఫోన్ కెమెరా రంగుని తనిష్టం వచ్చినట్టు మార్చేస్తుంది, కాగితం తెల్లగా కనబడుతోందా లేదా చూస్తే ఫోటోని నమ్మొచ్చో లేదో తెలుస్తుంది. రాసుకునేటప్పుడు "పచ్చగా ఉంది" అని మాత్రం రాయకండి బాబూ, నేను అలాగే రాసి ఆర్నెల్ల తర్వాత అది ఆకుపచ్చో పసుపుపచ్చో నాకే తెలీలేదు. నిమ్మపండు, చిలక, తమలపాకు, ఏదో ఒకదానితో పోల్చి రాయండి. కొత్త చిగురు రంగు వేరే, పాత ఆకు రంగు వేరే, ఎండలో వేరే నీడలో వేరే, నాలుగూ విడివిడిగా రాయాలి. బంగారు రంగు రకాలు నీడలో ఆకుపచ్చగా అయిపోతాయి కాబట్టి ఇది ముఖ్యం.

ఏడాది నిలబడితే డిసెంబరు జనవరిలో కటింగ్‌లు. విత్తనం వేస్తే ఈ గుణం వస్తుందన్న నమ్మకం లేదు, కొమ్మతోనే పెంచాలి. 10 నుంచి 12 సెంటీమీటర్ల రెమ్మని కత్తెరతో కాకుండా కిందకి లాగి తీయండి, తల్లి కొమ్మ బెరడు చిన్న తోకలా దాంతో రావాలి. కింది మూడో వంతు ఆకు తీసేసి 3000 పీపీఎం ఐబీఏ పౌడర్ (వేరు తెప్పించే హార్మోన్ పొడి) అద్ది, రెండు వంతులు కడిగిన గరుకు ఇసుక, ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపిన దాంట్లో గుచ్చాలి. ఇసుక ఊరికే వస్తుంది కదా అని బీచ్ నుంచి తేవద్దు, ఎన్నిసార్లు కడిగినా నాకు నమ్మకం లేదు. పైన కోసిన నీళ్ళ బాటిల్ బోర్లించి నీడలో పెట్టండి. వేరు రావడానికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, మధ్యలో పీకి చూడకండి, నేను పీకి చూసి రెండు పోగొట్టా. తేడా కొమ్మవి 10 పెడితే అదే మొక్క మామూలు కొమ్మవి కూడా 10 పక్కనే పెట్టాలి, పోల్చడానికి ఏదీ లేకపోతే కొత్తది అని దేన్ని చూసి అంటాం.

ఆకారం మాత్రం కటింగ్ చూసి వెంటనే తేల్చకండి. అరోకేరియా అనే క్రిస్మస్ చెట్టు పక్క కొమ్మ నాటితే అది ఎన్నేళ్ళైనా పక్కకే పాకుతుంది కదా, నిటారుగా లేవదు, జూనిపర్‌లో కూడా కొంత అలా జరుగుతుంది. పాకే రకం పుట్టిందని సంబరపడితే అది కొమ్మ అలవాటు అయ్యుండొచ్చు. రెండేళ్ళ మొక్కలయ్యాక ఎత్తు, వెడల్పు, ఏడాదికి ఎంత సాగింది, కొమ్మ కాండానికి ఎంత వాలుగా ఉంది, కొస నిలువా వేలాడుతోందా, సూదాకు ఎంత పొలుసాకు ఎంత, నలిపితే వాసన, ఇవి తల్లి మొక్క కొలతల పక్కన పెట్టాలి. ఆ పిల్లల నుంచి మళ్ళీ కటింగ్ తీసి అవి కూడా అలాగే వస్తేనే గుణం నిలిచినట్టు. మధ్యలో పాత రంగు కొమ్మ ఏదైనా తిరిగి వస్తే మొదటికంటా కోసేయండి, పత్రహరితం ఎక్కువ కాబట్టి అదే బలంగా పెరిగి మిగతాదాన్ని మింగేస్తుంది.

చట్టం వైపు క్లుప్తంగా చెప్తా. మన దేశంలో మొక్క రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. మిగతావాటికంటే తేడా, అన్ని మొక్కలూ ఒకేలా ఉండటం, తరాలు మారినా గుణం నిలవడం, ఈ మూడూ పరీక్షిస్తారు. ముందుగా మీ మొక్క జాతి ఆ చట్టం కింద ప్రభుత్వం నోటిఫై చేసిన జాబితాలో ఉందో లేదో చూసుకోండి, అప్లై చేసేనాటికి ఇక్కడ అమ్మడం మొదలెట్టి ఏడాది దాటకూడదు. కాబట్టి పక్కింటాయనకి ముచ్చటపడి 100 రూపాయలకి అమ్మేసే ముందు ఆలోచించుకోండి. పేరు విషయంలో లాటిన్‌లో పెట్టడం 1959 నుంచి కుదరదు, తెలుగు పేరైనా పెట్టుకోవచ్చు.

ఆ నల్లి కొమ్మ తర్వాత అదే మొక్కలో గోడ వైపు గుప్పెడంత గుబురు ఒకటి వచ్చింది, ఆకు పొట్టిగా, దగ్గరదగ్గరగా, మిగతావాటికంటే నీలంగా. కాగితం పెట్టి కొట్టా, ఏమీ నడవలేదు. దారం కట్టి ఎనిమిది నెలలైంది, మొన్న వానలకి కూడా మారలేదు. డిసెంబరులో కటింగ్ పెడతా, ఈసారి ఫ్యామిలీ గ్రూప్‌లో మాత్రం పెట్టలేదు.