చెప్పని ప్రేమని తిరుపతిలో సినిమాగా తీయాలంటే

కొర్లగుంటలో ఉంటాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. తాళి, తలంబ్రాలు అయిపోయాక మిగిలిన ఫుటేజీలో నాకు తరచూ ఒక జంట దొరుకుతుంది. పెళ్లికూతురి స్నేహితురాలు బంతిలో కూర్చుని ఉంటుంది. ఒకబ్బాయి సాంబారు బకెట్ పట్టుకుని ఆ వరసకే మూడుసార్లు వస్తాడు. ఆమె ఆకు మీద చెయ్యి అడ్డం పెడుతుంది, తల మాత్రం ఎత్తదు. మేం నలుగురు మిత్రులం ఫోనుతో తీసిన 50 నిమిషాల సినిమా అక్కడే పుట్టింది. మీరూ ఇట్లాంటిది తీయాలనుకుంటే, నాకు తెలిసింది చెప్తాను.

మొదట ఒక పని వెతకండి. నోరు చెప్పదు కాబట్టి చెయ్యి ఏదో ఒకటి చేయాలి. మా కథలో అది లడ్డు పంచడం. ఈ ఊళ్లో కొండకి పోయొచ్చినవాళ్లు లడ్డు పంచకుండా ఉండరు కదా. మా అబ్బాయి పేపరు పరిచి లడ్డు విరుస్తాడు. తన ముక్కలో కలకండ పలుకు కనబడితే గోటితో తీసి, తను ఇష్టపడే అమ్మాయి ముక్కలోకి నొక్కేస్తాడు. "నాకు పన్ను జివ్వుమంటది" అంటాడు. మొదటిసారి దాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండోసారి మూడో స్నేహితుడు చూస్తాడు, పళ్లు జివ్వుమనేవాడు ఐస్‌క్రీం తినడం అతనికి గుర్తొస్తుంది. మూడోసారి అబ్బాయి పరీక్ష రాయడానికి చెన్నై పోయి ఉంటాడు. వేరేవాళ్లు ఇచ్చిన ముక్కలో ఆమెకి కలకండ తగులుతుంది. దాన్ని తీసి, పేపరు ముక్కలో మడిచి, బ్యాగులో దాచుకుంటుంది. దీనికి డైలాగు వద్దు. మేం రాశాం, తీశాం, ఎడిటింగులో తీసేశాం.

ఇక, ఎందుకు చెప్పడు? మొహమాటం అంటే పది నిమిషాలు నడుస్తుంది, అంతకుమించి లాగలేం. చెబితే ఏం పోతుందో చూపించాలి. మావాళ్లిద్దరూ బ్యాంకు కోచింగుకి అతని స్కూటీ మీదే పోతారు, పెట్రోలు చెరి సగం. "మీ ఇల్లు నాకు దోవలోనే" అని మొదట్లోనే అతనితో అనిపించండి. ఆమె కాదంటే రేపు పొద్దున ఆ స్కూటీ సందు చివర ఆగదు. చూసేవాళ్లకి స్కూటీ మీద బెంగ పుట్టాలి. అందుకే మొదటి 15 నిమిషాలు పూర్తిగా స్నేహానికే ఇచ్చాం.

మాటలు మన ఊరివే ఉండనివ్వండి. ఇక్కడ "నువ్వంటే నాకిష్టం" అని ఎవరంటారు? "అన్నం తింటివా?", "యాడుండావు?", "ఇంటికి పోయినాక ఫోన్ చెయ్యి" అంటారు. ప్రేమంతా అందులోనే ఉంది. మా అబ్బాయి ఆమెని ఎప్పుడూ "మే" అని పిలుస్తాడు. ఒకరోజు పేరు పెట్టి పిలుస్తాడు. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతుంది. ఆ షాట్‌లో ఆమె మొహాన్ని తొందరపడి కట్ చేయకండి.

మలుపు కోసం గంగమ్మ జాతర పెట్టుకున్నాం. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకి బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వేషాలు కడతారు. మగవాళ్లు చీర కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. వేషంలో ఉన్నవాడు తిడితే ఎవరూ కోపగించుకోరు. ఏడాదంతా నోరు మెదపని అబ్బాయి చీర కట్టి, ఆమె ముందు నిలబడి, నోటికొచ్చినట్టు తిడతాడు. ఆమె నవ్వుతూ వింటుంది. తిట్ల మధ్యలో ఒకటి జారిపోతుంది: "మీ ఇల్లు నాకు దోవలో లేదు మే! రోజూ రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగొస్తా ఉండా!" ఆమె నవ్వు ఆగిపోతుంది.

వేషం మొక్కు అన్న సంగతి మరవకండి. మా నటుడు నిజంగానే మొక్కుకుని, తలస్నానం చేసి కట్టాడు. వేరే వేషాలవాళ్లని తీయాలంటే ముందు అడగండి. చీర కింద దాచిన మైకులో డప్పుల హోరు తప్ప మాట పడలేదు. అదే రాత్రి, గొంతు బొంగురు తగ్గకముందే, మేడ మీద కూర్చోబెట్టి అన్ని తిట్లూ మళ్లీ రికార్డు చేశాం. మర్నాటికి వాయిదా వేస్తే ఆ గొంతు రాదు.

టీ కొట్టు సీను మాత్రం రెండుసార్లు తీయాల్సొచ్చింది. ట్యూబ్‌లైటు కింద చారలు కదిలాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి కెమెరాలో సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను పెట్టుకోండి. ఈ టెన్షన్ ఉండదు.

తిరుమలలో తీద్దామని ఆశ పెట్టుకోకండి. ఆలయంలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, కొండ మీద డ్రోన్ నిషేధం. మేడ ఎక్కితే శేషాచలం ఎదురుగానే ఉంటుంది, సాయంత్రం ఆ వెలుతురు చాలు. సినిమా పాటలు వాడితే కాపీరైట్ దెబ్బ పడుతుంది. యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థియేటర్లో వేయాలంటే కావాలి.

చివర్లో ప్రేమని నోటితో చెప్పించాలా వద్దా అని మేం చాలా రోజులు వాదించుకున్నాం. నేను వద్దన్నాను, ఇప్పటికీ అదే నా మాట. జాతర అయిన మర్నాడు పొద్దున స్కూటీ సందు చివర ఆగుతుంది. ఆమె వచ్చి, మడిచిన పేపరు అతని చేతిలో పెడుతుంది. "పెట్రోలుకి. ఆ రెండు కిలోమీటర్లకీ కలిపి." వెనక ఎక్కి కూర్చుంటుంది. అతను విప్పితే నోటుకి కలకండ పలుకు అంటుకుని ఉంటుంది. ఆ చేతిని బాగా దగ్గరగా, ఎండ ముదరకముందే తీయండి.